వాయిదా బొత్తాం

నేను ఒక బొత్తాన్ని. చొక్కాలకి కుట్టే తెల్లబొత్తాల జాతి కాదు నాది. అవి ఉతుకుడుబండ మీద పగిలి, పెట్టె అడుగున రాలి, ఎవరూ అడక్కుండానే పోతాయి. నేను గేదె కొమ్ములోంచి వచ్చినదాన్ని. కొమ్ముని వేడినీళ్ళలో ఉడికించి, బల్లపరుపుగా నొక్కి, గుండ్రంగా కోసి, నాలుగు కళ్ళు పొడిచి నన్ను లోకంలోకి వదిలారు. ఆ నాలుగు కళ్ళతోనూ నేను చూసిందల్లా తమ వంతు కోసం ఎదురుచూసే మనుషుల్నే. ఎదురుచూడటం విసుగే. ఎదురుచూసేవాణ్ణి చూస్తూ ఉండటం అంతకన్నా విసుగు. నా కథలో విసుగు పాలు ఎక్కువైతే ఆ పాపం నాది కాదు.

కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక దర్జీ నన్ను ప్లీడరు చయనులుగారి నల్లకోటుకి కుట్టాడు. మూడు బొత్తాల్లో మధ్యదాన్ని. చెయ్యి ఊరికే ఉండలేనప్పుడు దానికి అందేది మధ్యబొత్తామే. చయనులుగారి చెయ్యి జడ్జిగారి ముందు ఎప్పుడూ ఊరికే ఉండలేదు. లేచి నిలబడి, బొటనవేలితో నన్ను నొక్కిపట్టి ఇటొక మెలి, అటొక మెలి తిప్పేవారు. "యువరానర్, కొంచెం టైము కావాలండి," అనేవారు. వాయిదా పడేది. ఆయన వాదించిన రోజులు లేవని కాదు, ఉన్నాయి. వాదిస్తే హాలంతా నోరు మూసుకుని వినేది. కానీ నాకు గుర్తున్నవి మెలికలే. ఆయన ప్రాక్టీసు మానేసేనాటికి ఆ బొటనవేలు నా మీద ఒక గుంట చేసేసింది. కంటికి కనపడేది కాదు. వేలికి తెలిసేది, అదీ ఆ ఒక్క వేలికే.

ఆ మెలికల్లో పెద్ద వాటా పేర్రాజుది. చందుర్తి దగ్గర అతనికి కాస్త పొలం ఉంది. పక్కపొలం పెదనాన్న కొడుకుది. ఆ అన్నగారు సరిహద్దు గట్టుని ఇవతలికి జరిపేశాడని పేర్రాజు దావా వేశాడు. దావా వెయ్యడం వరకే అతని వంతు. ఆ తరవాత మళ్ళీ వంతు రాలేదు. పేరు పిలిచేదాకా కోర్టు వరండాలో కూర్చోవడం, పిలిచాక చయనులుగారి వెనక నిలబడటం, వాయిదా అనగానే బస్సెక్కడం. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. పేర్రాజుకి ఆ రెండు ఏడుపుల్లో ఏదీ దొరకలేదు.

ఊరికే కూర్చోలేక అతను వరండాలో అంకుడు కర్రముక్కల్ని చాకుతో చెక్కేవాడు. వాయిదాకో సిపాయి. మొదటి వాయిదా నాడు చెక్కినవాడికి ముక్కు రాలేదు. చెయ్యి తిరిగాక ముక్కులొచ్చాయి, మీసాలొచ్చాయి, గుర్రాలూ ఫిరంగులూ కూడా వచ్చాయి. ఆఖరికి దావా రాజీ అయింది. గట్టు జరిపినచోటే ఉంటుంది, బదులుగా పేర్రాజుకి బండిదారి ఇస్తారు. ఆ దారిలో అతని బండి అంతకుముందూ నడిచేది.

చయనులుగారు ఆఫీసుని కూతురు సుభాషిణికి అప్పగించి కోటు మేకుకి తగిలించారు. సుభాషిణీ ప్లీడరే. కొన్నాళ్ళకి పేర్రాజు ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. "తవరి దయవల్ల ఇంత సైన్యం తయారయ్యిందండి," అని సిపాయిల్ని ఆఫీసు బల్లమీద కుమ్మరించాడు. అది దెప్పో దణ్ణమో నాకిప్పటికీ తెలియదు. చయనులుగారు మాత్రం మురిసిపోయారు. పేర్రాజు ఊరి పొలాల్లోనే ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నారు కదా, ఆ చందుర్తి యుద్ధాన్ని బల్లమీద ఆడదాం అన్నారు.

"పిరంగులు మా గట్టుమీదే ఎట్టారంటండి. మా తాత సెప్పేవోడు," అన్నాడు పేర్రాజు.

బల్లమీద పచ్చగుడ్డ పరిచారు. గుడ్డ కింద పాత లా పుస్తకాలు దూర్చి గట్టు లేపారు. ఎర్ర సిపాయిలు పేర్రాజువి. నీలం సిపాయిలూ గట్టుమీది ఫిరంగులూ చయనులుగారివి. నడక బెత్తెలతో కొలవాలి. దెబ్బ తగిలిందీ లేనిదీ పాచిక చెప్పాలి. ఎర్రదళం ఒక్కటి గట్టెక్కితే పేర్రాజు గెలిచినట్టు, ఎర్రదళాలన్నీ చస్తే ఓడినట్టు. అతనికి కావలసింది ఆ గట్టు తేలడం. నిజం గట్టు ఎలాగూ పోయింది. గుడ్డగట్టు మీదైనా గెలుపో ఓటమో ఏదో ఒకటి చెవినపడాలి.

చరిత్రలో ఆ యుద్ధం ఒక్కరోజులో తేలిపోయిందట. మా బల్లమీద ఏళ్ళు గడిచినా తేలలేదు. వంతుల దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొదట్లో పద్ధతి మామూలే. నా దండంతా నడిపాక నీ దండంతా నువ్వు నడుపు. పేర్రాజు తన వంతుని పొయ్యిమీద పాలు పొంగేలోగా ముగించేవాడు. చయనులుగారి వంతు వచ్చిందంటే ఒక్కో సిపాయినీ ముందుకి పెట్టి, వెనక్కి తీసి, కళ్ళజోడు తుడుచుకుని, "ఉండండి, ఆలోచించుకోనివ్వండి," అనేవారు. నేను మేకుకి వేలాడుతూ చూసేదాన్ని. ఎర్రసైన్యం నిలబడి దెబ్బలు తినేది, దాని యజమాని కూర్చుని పకోడీలు తినేవాడు. ఇంతలో పొద్దు వాలేది, పేర్రాజు ఆఖరి బస్సు వేళయ్యేది. లెక్క తేలకుండానే బొమ్మలు పెట్టెలోకి పోయేవి.

"ఇలాక్కాదండి ప్లీడరుగారండీ. మీదొక దళం, నాదొక దళం, మారిమారి నడుపుదావండి," అన్నాడు పేర్రాజు ఒక ఆదివారం.

న్యాయమైన మాట. చయనులుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారంటేనే అనుమానపడాలి. మరుసటి వారానికి నీలంసైన్యాన్ని ముక్కలు చేసి, ఇద్దరేసి సిపాయిలకో దళం అని పేరు పెట్టారు. పేర్రాజు ఒక పెద్ద దళాన్ని ముందుకి తోస్తే, ఈయన ఎక్కడో మూలనున్న ఇద్దర్ని బెత్తెడు జరిపి "మీ వంతు" అనేవారు. మళ్ళీ ఇంకో ఇద్దర్ని. అలా ఎర్రదళాలన్నీ నడిచేసి, ఇంక కదలడానికి లేక బయట నిలబడ్డాక, అప్పుడు తీరిగ్గా ఫిరంగులు పేలేవి. పద్ధతి మారింది గానీ మనిషి మారలేదు.

ఆపైన పాచిక వేసి ఎక్కువ పడ్డవాడిదే వంతు అన్నారు. పాచిక గుడ్డమడతలో ఒరిగి ఆగితే అది పడ్డట్టా, పడనట్టా అని చయనులుగారు వాదన ఎత్తుకున్నారు. కోర్టులో దాచుకున్న వాదనంతా అక్కడ ఖర్చు పెట్టారు. ఊరికే వేలాడుతున్న నాకే ఒళ్ళు మండింది, పేర్రాజు సంగతి చెప్పాలా!

చివరికి సంచి పద్ధతి వచ్చింది. ఏదో పెళ్ళిలో ఇచ్చిన తాంబూలం సంచి, వధూవరుల పేర్లు వెలిసిపోయినది. నా అంతేసి కోటుబొత్తాలు కొనుక్కొచ్చి, పేర్రాజు సిపాయిలకి వేసే రంగులే వాటికీ వేశాడు. ఎర్రదళానికో ఎర్రబొత్తాం, నీలందళానికో నీలంబొత్తాం. చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తియ్యాలి. ఏ రంగు వస్తే ఆ రంగువాళ్ళు ఒక దళాన్ని నడపాలి. ఒకసారి ఈయన తీస్తే తరవాత అతను తియ్యాలి. వంతు ఎవరిదో సంచి చెబుతుంది, అందులో ఎవరి నాలుకా పనిచెయ్యదు.

"ఇదండీ పద్దతంటే!" అన్నాడు పేర్రాజు. అతని ముఖం అంతలా వెలగడం నేను కోర్టులో ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు చయనులుగారు మేకు దగ్గరికి వచ్చారు. "యుద్ధానికి పొద్దుగుంకడం అనేది కూడా ఉండాలి కదండీ. అందరూ నడిచేదాకా సూర్యుడు ఆగుతాడా?" అంటూ బ్లేడుతో నన్ను కోటునించి కోసి సంచిలో పడేశారు. నేను చేతికొస్తే పొద్దుగుంకినట్టు. నడవనివాళ్ళ వంతులు రద్దు. రెండు సైన్యాలూ మొదటిచోటికి తగ్గి విడిది చెయ్యాలి. బొత్తాలన్నీ మళ్ళీ సంచిలోకి వెళ్ళాలి. నేను రాకముందే రంగుబొత్తాలన్నీ అయిపోతే మాత్రం వాటిని మళ్ళీ సంచిలో వేసి ఉన్నచోటినించే నడవాలి.

"దీని పేరేంటండి?" అన్నాడు పేర్రాజు.

"ఇంకేం పేరండీ, వాయిదా," అన్నారు చయనులుగారు. ఇద్దరూ నవ్వారు. పేర్రాజు కాస్త ఆలస్యంగా నవ్వాడు.

లోకంలో నల్లబొత్తాలే గొడ్డుపోయినట్టు ఆయన తన కోటు బొత్తాన్నే వెయ్యడమేమిటి, వేస్తుంటే ఈ పెద్దమనిషి చూస్తూ ఊరుకోవడమేమిటి? అంత తెలివితక్కువ పని ఒక ప్లీడరూ అతని కక్షిదారూ కలిస్తే తప్ప జరగదు.

సంచిలో చీకటి. పేర్రాజు చెయ్యి వస్తే ఏది తగిలితే అది పట్టుకుపోయేది. ఆ చేతిలో నేనూ ఒకోసారి వెళ్ళాను, అది అతని ఖర్మం. చయనులుగారి చెయ్యి వేరు. యుద్ధం తనవైపు నడుస్తున్నప్పుడు పైపైన తిరిగి పోయేది. ఎర్రదళం గట్టుకి దగ్గరైనప్పుడు మాత్రం అడుగుదాకా దిగేది. నేను ఎక్కడ నక్కినా దొరికేదాన్ని. బొటనవేలు వచ్చి తన గుంటలో కూర్చునేది, ఒక మెలి తిప్పేది, బయటికి తీసి చూస్తే వాయిదా. "అరెరే!" అనేవారు ఆయన. ఆ గొంతులో నిజంగానే నొచ్చుకున్నట్టు వినపడేది. వేలికి తెలుసు గానీ మనిషికి తెలియదేమో అని మొదట్లో నేను సరిపెట్టుకున్నాను. ఎన్నాళ్ళని సరిపెట్టుకోను?

తిట్లు మాత్రం నాకే. "ఈ నల్లమొకందాన్ని సంద్రంలో ఇసిరికొట్టాలండి," అనేవాడు పేర్రాజు, గట్టు అంచుదాకా వెళ్ళిన దళాన్ని వెనక్కి మోసుకొస్తూ. అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే. నేను రావట్లేదు మహానుభావా, తెస్తున్నారు అని అరవడానికి నాకు నోరు లేదు. కొమ్ములోంచి పుట్టి కూడా పొడవడానికి కొమ్ము లేని బతుకు నాది.

అలా నడుస్తుండగా ఒకరోజు సుభాషిణి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్నగారూ, సోమవారం కొత్త జూనియర్లు చేరుతున్నారు. ఈ బల్ల నాకు కావాలి. ఈ ఆదివారంతో మీ యుద్ధం తేల్చేసుకోండి. బాబాయిగారూ, మీరైనా చెప్పండి," అంది.

"తేల్చేత్తావమ్మా. ఎటోకటు తేల్చేత్తాం," అన్నాడు పేర్రాజు. చయనులుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఆ ఆదివారం పేర్రాజు పొద్దున్న బస్సుకే దిగాడు. పకోడీలు ముట్టలేదు. ఎర్రదళాలు చచ్చేవి చస్తున్నాయి, మిగిలినవి పాకుతూనే ఉన్నాయి. ఒకసారి పేర్రాజే నన్ను తీసి, తిట్టుకుని, వెనక్కి తగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి చయనులుగారు తీశారు. "అరెరే!" అన్నారు. మూడోసారికి ఎండ వాలింది. ఇంక విడిది చేసి మళ్ళీ నడిచేంత పొద్దు లేదు. కానీ ముక్కులేనివాడి దళం గట్టు కిందికి వచ్చేసింది. మొదటి వాయిదా నాడు చెక్కిన ఆ బొమ్మకీ గట్టుకీ మధ్య బెత్తెడు గుడ్డ ఉంది. సంచిలో ముగ్గురమే మిగిలాం. ఒక ఎర్రది, ఒక నీలంది, నేను. ఎర్రది వస్తే పేర్రాజు గట్టెక్కుతాడు. నీలంది వస్తే ఫిరంగి ముక్కులేనివాడి ముఖానే పేలుతుంది. నేను వస్తే ఇన్నేళ్ళ యుద్ధం తేలకుండానే బల్ల సుభాషిణిది. తియ్యాల్సిన వంతు చయనులుగారిది.

చెయ్యి దిగింది. ఇద్దర్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. బొటనవేలు గుంటలో కూర్చుంది. ఒక మెలి. ఇంకో మెలి. అయిపోయిందిరా పేర్రాజూ అనుకున్నాను. ఆ వేలు చాలాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత నన్ను వదిలేసింది. మిగిలిన రెండిట్లో చేతికందినది పట్టుకుని పైకి పోయింది.

ఎర్రది.

"కానివ్వండి పేర్రాజుగారూ. వంతు మీది," అన్నారు చయనులుగారు. పెద్ద దానం చేసినవాడి నవ్వు ముఖాన ఉంది.

పేర్రాజు కదల్లేదు. బొమ్మనీ ముట్టుకోలేదు. "సంచిలో ఏదో మెలిపెట్టారు కదండీ," అన్నాడు.

"ఏమిటండీ?"

"మోసెయ్యి కదిలిందండి. కోర్టులోనూ అలాగే కదిలేది. నేనెప్పుడూ మీ ఎనకాలే కదండీ నిలబడేవోణ్ణి, మొకం కనపడేది కాదు, మోసెయ్యే కనపడేది. అదలా రెండుసార్లు కదిలిందంటే ఇంక ఇయ్యాల్టికంతే, బస్సెక్కడవే అనుకునేవోణ్ణి." అతను సంచిని లాక్కుని నన్ను తీసి బల్లమీద పెట్టాడు. "దీన్ని పట్టుకుని ఒదిలేశారు. ఒదిలేశారంటే ఏది ఏదో తెలిసినట్టే కదండీ. తెలిసే తీశారన్నమాట ఇన్నాళ్ళూ."

చయనులుగారి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"పోనీండి, ఆట. ఆటలో ఏదో అనుకుందాం," అన్నాడు పేర్రాజు. "అప్పుడూ అంతేనాండీ? మా గట్టుకి?"

చయనులుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "సర్వే పటంలో సరిహద్దు రాయి మీ అన్నగారు గట్టు జరిపినచోటే ఉంది పేర్రాజుగారూ. మొదటిరోజే చూశాను. తేలితే మీరు ఓడిపోతారు. ఆ మాట మీతో చెప్పలేకపోయాను. వాయిదా ఉన్నన్నాళ్ళూ ఓడిపోలేదు కదా అనుకున్నాను."

"ఓడిపోతానని సెప్పుంటే ఆరోజే ఎల్లిపోయి పొలం దున్నుకునేవోణ్ణి కదండీ!" పేర్రాజు కేక వేశాడు. ఏ జడ్జీ వినని కేక అది. "నా వంతొత్తాదని కూకున్నానండి. ఇన్నేళ్ళు! ఆ వరండాలో కూకుని బొమ్మలు సెక్కుకున్నానండి!"

అతను నన్ను జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఎర్రబొత్తాం బల్లమీదే ఉంది, ముక్కులేనివాడు గట్టు కిందే ఉన్నాడు. యుద్ధం మళ్ళీ తేలలేదు.

ఇంట్లో పేర్రాజు భార్య నూకరత్నం చొక్కా దులిపితే నేను రాలాను. పారెయ్యమన్నాడు. కొమ్ముబొత్తాన్ని పారేసే మనిషి కాదావిడ. ఆ చొక్కా జేబు మూతకే గట్టిగా కుట్టేసింది. ప్లీడరు కోటు మీదినించి రైతు జేబు మీదికి వచ్చాను. హోదా తగ్గిందని నేను బాధపడలేదు. ఇక్కడైనా నన్నెవరూ మెలిపెట్టరనుకున్నాను, అదీ నా వెర్రి.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం చయనులుగారు బస్సు దిగి వచ్చారు. దావా నడిచినన్నాళ్ళూ ఆ ఊరు రాని మనిషి, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నారు. నూకరత్నం లోపలికొచ్చింది. "ప్లీడరుగారొచ్చారు. బొమ్మలట్టుకొచ్చారు. ఏది ఎక్కడుందో గుర్తెట్టుకున్నారంట. వంతు మీదేనని సెప్పమన్నారు," అంది.

పేర్రాజు చెయ్యి జేబు మీదికి వచ్చింది. బొటనవేలు నన్ను పట్టుకుంది. ఆ గుంట అతని వేలిది కాదు, సరిగా కూర్చోలేదు. అయినా ఒక మెలి తిప్పాడు. "వచ్చే ఆదివారం రమ్మను," అన్నాడు.

"ఏటా మాట! ఎండన పడొచ్చారు."

"రమ్మన్నానని సెప్పు."

ఆవిడ మజ్జిగ ఇచ్చి ఆ మాట చెప్పింది. "అలాగేనమ్మా," అన్నారు చయనులుగారు. వెంటనే లేవలేదు. బస్సు వేళదాకా కూర్చుని వెళ్ళారు. ఆ పై ఆదివారం మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఇదే వరస. పేర్రాజు పగ తీరి సంతోషంగా ఉన్నాడనుకునేరు. ఆదివారం వస్తే చాలు, అన్నం సయించేది కాదు. పెళ్ళాం మీద విసుక్కునేవాడు, ఉత్తపుణ్యానికి దూడని తిట్టేవాడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ నన్ను తిప్పి తిప్పి దారాలు వదులు చేసేవాడు. వాయిదా అడిగేవాడికీ నిద్ర పట్టదని నాకు అప్పుడు తెలిసింది.

ఒక ఆదివారం అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఎప్పటిలాగే వెనకనించి చయనులుగారి వీపు. కుడి మోచెయ్యి కదులుతోంది. "సూడు, ఇక్కడ కూడా!" అని పళ్ళు కొరికి, తలుపు ఓరగా తీసి, వంగి చూశాడు.

మెలిపెట్టడం కాదు. ఆయన పంచె నిండా చెక్కపొట్టు ఉంది. ఒక చేతిలో కూరగాయలు తరిగే కత్తి, ఇంకో చేతిలో కర్రముక్క. ఊరికే కూర్చోలేక చెక్కుతున్నారు. తల వచ్చింది. టోపీలాంటిదేదో వచ్చింది. ముక్కు రాలేదు. వేలిమీద నెత్తుటి గీత ఉంది.

పేర్రాజు ఆ ముక్కులేని బొమ్మని చూశాడు. కోపం పోలేదు, నా మీద వేలు బిగుసుకునే ఉంది. కానీ మెలి తిరగలేదు.

"కత్తలా పట్టుకుంటే ఏలు తెగుద్దండి," అన్నాడు గుమ్మంలోంచి, విసుగ్గా. "తిప్పాల్సింది కర్రనండి. కత్తిని కాదు."

చయనులుగారు వెనక్కి చూడలేదు. కర్రని తిప్పారు. పేర్రాజు నన్ను వదిలేసి, కాస్త ఎడంగా అరుగుమీద కూలబడ్డాడు. ముక్కు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.